లింకు ఏ బ్రౌజరులో తెరుచుకొనవలెను? – డిఫాల్ట్ బ్రౌజరును మార్చుకొను పద్ధతి



ఈనాడు సేద్యమునకు సంబంధించిన కబుర్లు చాలవరకు సెల్ ఫోను మీదనే వచ్చుచున్నవి. వాతావరణ సూచన, మార్కెట్ ధర, పి.ఎం. కిసాన్ వాయిదా, పంటల బీమా, భూమి రికార్డు – వీనిలో ఏ సందేశము వచ్చినను దాని చివర సాధారణముగా ఒక లింకు ఉండును. దానిని వేలితో నొక్కిన వెంటనే ఒక పుట తెరుచుకొనును. ఒకరి ఫోనులో ఆ పుట చక్కగా తెరుచుకొని, మరియొకరి ఫోనులో తెల్లగా మిగిలిపోవుటయు, ఫారము నింపిన తరువాత చివరి బటను పనిచేయకపోవుటయు మీరు చూచియే యుందురు. ఇట్టి చిక్కు వచ్చినప్పుడు ప్రభుత్వపు సైటునో, సిగ్నలునో తప్పు పట్టుట వాడుక. అవి కారణము కావచ్చును. కాని ఆ లింకును ఏ బ్రౌజరు, అందులోను ఏ వెర్షను తెరచుచున్నదో చూచుకొనకపోవుట కూడ తరచు కారణమగుచున్నది. ఆ సంగతిని చూచుకొని, కావలసిన బ్రౌజరునకు మార్చుకొను పద్ధతిని ఈ వ్యాసములో వివరింతుము.

బ్రౌజరు అనగా నేమి?

ఇంటర్నెట్ లోని పుటలను తెచ్చి మనకు చూపు సాధనమే బ్రౌజరు. మొట్టమొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో తయారుచేసెను. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995లోను, ఫైర్‌ఫాక్స్ మొదటి పూర్తి వెర్షను 2004లోను, గూగుల్ వారి క్రోమ్ 2008లోను వెలువడినవి. నేడు ఆండ్రాయిడ్ ఫోనులలో క్రోమ్ తోబాటు ఫోను తయారుచేసిన కంపెనీవారి సొంత బ్రౌజరు కూడ తరచు కనబడును. కొన్న నాటినుండియే ఒక ఫోనులో రెండు బ్రౌజరులు ఉండుటకు కారణమిదే.

ఒకే బ్రౌజరునకు అనేక వెర్షనులు

బ్రౌజరు ఒకసారి తయారై అట్లే నిలిచిపోవు వస్తువు కాదు. కొద్ది వారములకొకసారి దానికి కొత్త వెర్షను వచ్చుచుండును. అంతేకాక ఒకే సమయమున ఒకే బ్రౌజరు పలు దశలలో దొరకుచుండును. క్రోమ్ లో స్టేబుల్, బీటా, డెవ్, కెనరీ అని నాలుగు దశలు కలవు. ఫైర్‌ఫాక్స్ లోను సాధారణ వెర్షనుతోబాటు బీటా, నైట్లీ అనునవి కలవు.

ఈ దశలను విత్తనము పోలికతో సులభముగా గ్రహింపవచ్చును. మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029 వరి రకము గాని, బాపట్లనుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204 గాని ఒక్కనాటితో రైతు చేతికి రాలేదు. ఏ వంగడమైనను మొదట పరిశోధనా క్షేత్రపు మడిలో పెరుగును. పిమ్మట పలుచోట్ల దానిని పరీక్షింతురు. ఆ తరువాత చిరుసంచుల దశలో కొందరు రైతుల పొలములలో చూతురు. ఇవన్నియు దాటిన పిమ్మటనే అది విడుదలగును.

కెనరీ అనునది పరిశోధనా మడిలోని మొక్క వంటిది. పూర్వము బొగ్గు గనులలో విషవాయువును ముందుగా పసిగట్టుటకు కెనరీ పిట్టలను వెంట తీసికొనిపోవుట కలదు. ఆ పేరే దీనికి పెట్టిరి. ఆపద వచ్చినచో ముందుగా దానికే వచ్చును. డెవ్ అనునది పలుచోట్ల పరీక్షలో ఉన్న వంగడము వంటిది. బీటా చిరుసంచుల దశ వంటిది. స్టేబుల్ విడుదలైన రకము. మన ఊరిలో పొలమంతయు ఎవరును చిరుసంచి విత్తనముతో నింపరు. ఒక మూల కొద్ది సెంట్లలో వేసి చూతురు. బ్యాంకు, బీమా, భూమి కాగితముల పనికి కూడ స్టేబుల్ వెర్షనే తగినది. బీటా మున్నగునవి ముందుగా పరీక్షించి చూచువారికొరకు ఏర్పడినవి.

ఈ దశలు ఒకే ఫోనులో పక్కపక్కనే ఉండగలవు. ఇంటిలోని చదువుకొను పిల్లలు కుతూహలముతో బీటానో, కెనరీనో దించుకొని యుండవచ్చును. క్రోమ్ కెనరీ గుర్తు పసుపు రంగులో ఉండును. బీటా, డెవ్ లకు గుర్తుతోబాటు ఆ పేరే వ్రాసి యుండును. వానిలో ఏదైన ఒకటి లింకులను తనవైపు తిప్పుకొన్నచో, మీరు నొక్కిన ప్రతి లింకును అందులోనే తెరుచుకొనుచుండును.

డిఫాల్ట్ అనగా నేమి?

బోదెలో నీరు వచ్చుచున్నది. మడవ ఏ మడివైపు తెరచియున్నదో నీరు ఆ మడికే పారును. పక్క మడి ఎండుచున్నను నీరు తానుగా అటు పోదు. మనిషి పోయి మడవ మార్చవలెను. ఫోనులో లింకుల పరిస్థితియు ఇట్టిదే. మీరు సందేశములోని లింకును నొక్కినప్పుడు ఫోను తన అమరికలలో చూచి, లింకులను తెరచుటకు ఏ బ్రౌజరు పేరు నమోదై యున్నదో దానికి ఆ లింకును అప్పగించును. ఆ నమోదైన బ్రౌజరునే డిఫాల్ట్ బ్రౌజరు అందురు. మంచి బ్రౌజరును కొత్తగా దించుకొన్నంత మాత్రమున లింకులు దానికి పోవు. మడవ మార్చవలెను.

కొన్ని ఫోనులలో డిఫాల్ట్ ఏదియు నిర్ణయింపబడి యుండదు. అప్పుడు లింకు నొక్కగానే బ్రౌజరుల పేర్లు చూపి “ఒక్కసారి మాత్రమే”, “ఎల్లప్పుడు” అని రెండు బటనులు ఇచ్చును. తొందరలో “ఎల్లప్పుడు” అనుదానిని నొక్కినచో ఆ బ్రౌజరే డిఫాల్ట్ అగును. చాలమంది ఫోనులలో అక్కరలేని బ్రౌజరు డిఫాల్ట్ గా ఉండుటకు ఈ ఒక్క నొక్కుడే కారణము.

పాత వెర్షనువలన నష్టము

బ్రౌజరునకు కొత్త వెర్షను వచ్చుట కేవలము అందముకొరకు కాదు. ప్రతి వెర్షనులోను పాతదానిలో బయటపడిన లోపములను పూడ్చుదురు. ఆ లోపములు లోకమునకు తెలిసిన పిమ్మట పాత వెర్షనును వాడుట గండి పడిన గట్టును అట్లే వదలుట వంటిది. దొంగ పుటలు పెట్టువారు ఇట్టి లోపములకే కాచుకొని యుందురు. ఇది మొదటి నష్టము. కొత్తగా కట్టిన సైటులు పాత బ్రౌజరునకు అర్థము కాకపోవుట రెండవ నష్టము. పుట సగము కనబడుట, ఫోటో ఎక్కకపోవుట, ఓ.టి.పి. గడి తెరుచుకొనకపోవుట దీని లక్షణములు.

పని గడువుతో కూడినదైనచో ఈ నష్టము చేతికే తగులును. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వడగండ్లవాన వంటి స్థానిక విపత్తువలన పంట నష్టమైనచో 72 గంటలలోగా తెలియజేయవలెనను నిబంధన కలదు. ఆ మూడు దినములలో ఒక దినము తెరుచుకొనని పుట ముందు గడచిపోయినచో తిరిగి రాదు. అట్టి సమయమున ఫోనును సవరించుచు కూర్చుండక 14447 సహాయ సంఖ్యకు వెంటనే టెలిఫోను చేయవలెను. ఫోనును సవరించుకొనుట వాన రాకమునుపు చేయవలసిన పని.

ముందుగా వెర్షను చూచుకొనుట

డిఫాల్ట్ మార్చుటకు ముందు మార్చబోవు బ్రౌజరు కొత్తదో పాతదో తెలిసికొనవలెను. క్రోమ్ తెరచి కుడివైపు పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్ లోనికి పోయి, అడుగున “అబౌట్ క్రోమ్” అనుదానిని నొక్కినచో వెర్షను సంఖ్య కనబడును. తక్కిన బ్రౌజరులలోను ఇట్టి ఏర్పాటే కలదు.

కొత్త వెర్షను ప్లే స్టోరునుండి తానుగా రావలెను. కాని చాల ఫోనులలో ఇది వైఫై ఉన్నప్పుడు మాత్రమే జరుగునట్లు అమర్చబడి యుండును. పల్లెలో వైఫై లేక మొబైల్ డేటా మీదనే నడుచు ఫోను నెలల తరబడి పాత వెర్షనుతోనే ఉండిపోవుట ఇందువలననే. ప్లే స్టోరు తెరచి, పై మూలనున్న మీ గుర్తును నొక్కి, “మేనేజ్ ఆప్స్ అండ్ డివైస్” లోనికి పోయి, బ్రౌజరు పేరునకు ఎదురుగా “అప్‌డేట్” అని ఉన్నచో దానిని నొక్కవలెను. అదే చోట “ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్ వ్యూ” అనునది కనబడినచో దానిని కూడ అప్‌డేట్ చేయవలెను. అనేక ఆప్‌లు తమలోపల పుటలను చూపుటకు దానిపైననే ఆధారపడును. ఫోనులో చోటు లేకున్నను అప్‌డేట్ ఆగిపోవును. అప్పుడు అక్కరలేని వీడియోలు తీసివేయవలెను.

ఫోనే మిక్కిలి పాతదైనచో బ్రౌజరు ఒక హద్దు దాటి పెరగదు. క్రోమ్ 138వ వెర్షను ఆండ్రాయిడ్ 8, 9 లకు చివరిది. 2025 ఆగస్టులో వెలువడిన 139వ వెర్షనునుండి ఆండ్రాయిడ్ 10 గాని, అంతకు పైది గాని ఉండవలెను. మీ ఫోనులోని ఆండ్రాయిడ్ సంఖ్య సెట్టింగ్స్ చివర “అబౌట్ ఫోన్” అనుచోట ఉండును. హద్దులో చిక్కిన ఫోను నుండి డబ్బు వ్యవహారములు చేయక, ఇంటిలోని మరియొక కొత్త ఫోనును అందుకు వాడుట మేలు.

ఆండ్రాయిడ్ ఫోనులో మార్చు విధానము

1. సెట్టింగ్స్ తెరవండి.
2. “ఆప్స్” అనుదానిని నొక్కండి.
3. “డిఫాల్ట్ ఆప్స్” అనుదానిని ఎంచుకొనండి. కొన్ని కంపెనీల ఫోనులలో ఇది “చూజ్ డిఫాల్ట్ ఆప్స్” అని ఉండును.
4. “బ్రౌజర్ ఆప్” అనుదానిని నొక్కండి. ఫోనులో ఉన్న బ్రౌజరులన్నియు వరుసగా కనబడును. బీటా, కెనరీ వంటివి ఉన్నచో అవి కూడ వేరు వేరు పేర్లతో ఉండును.
5. కావలసిన దాని ఎదుటనున్న గుండ్రని గుర్తును నొక్కండి. మార్పు వెంటనే అమలులోనికి వచ్చును. ఫోను ఆపి మరల వెలిగించనక్కరలేదు.

కంపెనీని బట్టి ఈ పేర్లు కొంత మారవచ్చును. దారి తెలియనప్పుడు సెట్టింగ్స్ పైభాగమున ఉండు వెదకు గడిలో “డిఫాల్ట్” అని వ్రాసినచో ఆ చోటు దొరకును.

ఐఫోను వాడువారికి 2020లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 14 నుండి ఈ వీలు కలిగినది. అంతకు పూర్వము లింకులన్నియు సఫారీకే పోయెడివి. ఇప్పుడు సెట్టింగ్స్ లో కావలసిన బ్రౌజరు పేరును తెరచి “డిఫాల్ట్ బ్రౌజర్ ఆప్” అనుచోట మార్చుకొనవచ్చును.

కంప్యూటరులో మార్చు విధానము

సహకార సంఘములోనో, ఇంటిలోనో విండోస్ కంప్యూటరు వాడువారు ఈ క్రింది విధముగా చేయవలెను. విండోస్ 11 లో సెట్టింగ్స్, ఆప్స్, డిఫాల్ట్ ఆప్స్ వరుసగా తెరచి, కావలసిన బ్రౌజరు పేరును నొక్కి, పైభాగమునున్న “సెట్ డిఫాల్ట్” అను బటనును నొక్కవలెను. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఒక్కొక్క రకపు లింకునకు విడివిడిగా మార్చవలసి యుండెడిది. ఈ ఒక్క బటను 2022లో చేర్చబడినది. విండోస్ 10 లో అదే దారిని పోయి “వెబ్ బ్రౌజర్” అనుదాని క్రింద ఉన్న పేరును నొక్కి మార్చవలెను.

ఇచ్చట కూడ హద్దులు గలవు. విండోస్ 7, 8.1 లకు క్రోమ్ 109వ వెర్షను చివరిది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షను వానిమీద నడువదు. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ను 2022 జూన్ 15న విరమింపజేసిరి. ఎక్స్‌ప్లోరర్ లోనే తెరుచుకొను పాత ఫారము ఎక్కడైన తగిలినచో ఎడ్జ్ బ్రౌజరులో “ఐ.ఇ. మోడ్” అను ఏర్పాటు కలదు. దానిని ఆ ఒక్క సైటునకు మాత్రమే వాడవలెను. ఒక్క ముసలి ఎద్దుకొరకు కొట్టమంతయు మార్చనక్కరలేదు.

మార్చినను మారని సంగతులు

డిఫాల్ట్ మార్చిన పిమ్మట కూడ కొన్ని లింకులు వేరుచోట తెరుచుకొనును. అది మీ పొరపాటు కాదు. వాని కారణములివి.

మొదటిది, ఫేస్‌బుక్ వంటి ఆప్‌లు లింకును బయటకు పంపక తమలోపలనే తెరచును. ఫారము నింపుటకు అది తగదు. ఆ పుటలోని మూడు చుక్కలు నొక్కినచో బయటి బ్రౌజరులో తెరచుమను మాట ఉండును. దానిని ఎంచుకొనవలెను.

రెండవది, కొన్ని లింకులకు సొంత ఆప్ ఉండును. యూట్యూబ్ లింకు యూట్యూబ్ ఆప్‌లోనికే పోవును. దానిని మార్చవలెనన్న సెట్టింగ్స్ లో ఆ ఆప్ పేరు తెరచి “ఓపెన్ బై డిఫాల్ట్” అనుచోట చూడవలెను.

మూడవది, పాత బ్రౌజరులో దాచుకొన్న పాస్‌వర్డులు, గుర్తు పెట్టుకొన్న పుటలు కొత్తదానిలోనికి తానుగా రావు. మడవ మార్చినచో ఇక మీదట వచ్చు నీరు మాత్రమే ఇటు పారును. మునుపు పారిన నీరు పాత మడిలోనే ఉండును. కాబట్టి పాత బ్రౌజరును వెంటనే తీసివేయక, ముఖ్యమైన పాస్‌వర్డులు వేరుగా వ్రాసి భద్రపరచుకొని, కొత్తదానిలో రెండు మూడు వారములు పని జరిగిన పిమ్మట తీసివేయవలెను.

ఒక్క లింకునకు మాత్రము వేరు బ్రౌజరు కావలెనన్న డిఫాల్ట్ మార్చనక్కరలేదు. లింకును కొంతసేపు అదిమి పట్టి, “కాపీ” చేసి, రెండవ బ్రౌజరు పైభాగమున చిరునామా వ్రాయు గడిలో అతికించినచో చాలును. ఒక సైటు ఒక బ్రౌజరులో తెరుచుకొననప్పుడు ముందుగా ఈ పరీక్ష చేయవలెను. రెంటిలోను తెరుచుకొననిచో లోపము సైటుది గాని, సిగ్నలుది గాని అయియుండును.

జాగ్రత్తలు

డిఫాల్ట్ మార్చుట దొంగ లింకుకు మందు కాదు. మంచి మడవగుండ మురికినీరు వచ్చినను పొలములోనికే పోవును. కొత్త స్టేబుల్ బ్రౌజరు కొన్ని దొంగ పుటలను గుర్తించి ఎర్రని హెచ్చరిక చూపును గాని అన్నిటిని గుర్తింపలేదు. ఈ క్రింది సంగతులు మనసునందుంచుకొనవలెను.

1. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల సైటుల చిరునామాలు సాధారణముగా “డాట్ గవ్ డాట్ ఇన్” అని ముగియును. పి.ఎం. కిసాన్ సైటు అట్టిదే. ఆ మాట చిరునామా నడుమ ఎక్కడో ఉండి, చివర మరియొకటి ఉన్నచో నమ్మరాదు.
2. చిరునామా పక్కన తాళము గుర్తు ఉండుట మంచిదే గాని, దానివలన మార్గమధ్యమున ఎవరును చదువలేరని మాత్రమే తెలియును. పుట పెట్టినవాడు మంచివాడని దానివలన తెలియదు.
3. “మీ బ్రౌజరు పాతబడినది, ఇక్కడ నొక్కి కొత్తది దించుకొనండి” అని ఏదైన పుట చెప్పినచో నొక్కరాదు. బ్రౌజరును ప్లే స్టోరునుండి గాని, ఆపిల్ ఫోనులో ఆప్ స్టోరునుండి గాని మాత్రమే తీసికొనవలెను.
4. వాట్సప్ లో పథకము పేరుతో వచ్చు ఏ.పి.కే. ఫైలును ఎట్టి పరిస్థితిలోను ఎక్కించుకొనరాదు. ఎంతటి దగ్గరివారు పంపినను ఇదే నియమము. వారి ఫోనే దొంగల వశమై యుండవచ్చును.
5. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 సంఖ్యకు టెలిఫోను చేసి, బ్యాంకునకు కూడ తెలుపవలెను. ఆలస్యమగుకొలది డబ్బు నిలుచు అవకాశము తగ్గును.

పరీక్షించి చూచుట

మార్పు పూర్తియైన పిమ్మట ఇంటిలోనివారి ఫోనునుండి మీకు తెలిసిన ఒక ప్రభుత్వపు సైటు లింకును మీ ఫోనునకు పంపించుకొనండి. దానిని నొక్కి, తెరుచుకొన్న పుటలోని మూడు చుక్కలలో ఏ బ్రౌజరు పేరు కనబడుచున్నదో చూడండి. మీరు ఎంచుకొన్న పేరే ఉన్నచో పని సరిగా జరిగినట్లే. వేరు పేరు ఉన్నచో పైన చెప్పిన మెట్లను మరల ఒకసారి చూచుకొనవలెను.

ఈ పనికి పది నిమిషములకు మించి పట్టదు. ఏటేట నాట్లకు ముందు మోటారు, పైపులు చూచుకొనునట్లే, ప్రతి పంటకాలము మొదట ఒకసారి బ్రౌజరు వెర్షనును, డిఫాల్ట్ ను చూచుకొను అలవాటు చేసికొనండి. ఇంటిలో ఫోను వాడు పెద్దల ఫోనులలోను చూడండి. ప్లే స్టోరు తెరచుట వారికి అలవాటు లేనందున పాత వెర్షనులు ఎక్కువగా అచ్చటనే ఉండిపోవును.